రెండు మగ్గాల ఇంటికి ఎంతమంది ఫాలోవర్లు కావాలి?

మంగళగిరి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 34. అత్తవారింట్లో రెండు గుంట మగ్గాలున్నాయి. మామగారు, భర్త నేస్తారు. అత్తగారు, ఆమె కండెలు చుడతారు. ఎక్కువ భాగం మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలుతో కూలికి నేసే పనే. నిరుటి నుంచి కొంత నూలు సొంతంగా కొని, నెలకు ఆరు చీరలు తమకోసం నేసుకుంటున్నారు. వాటిని అమ్ముకోవడానికి ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచి పద్నాలుగు నెలలైంది. ఫాలోవర్లు 1,380 మంది. అందులో సగం మంది చుట్టాలు, భర్త స్నేహితులు, తనతో చదువుకున్నవాళ్లు. ఇప్పటికి దాదాపు 300 రీల్స్ పెట్టారు. మొదట్లో ఐదారు వందల మంది చూసేవారు, ఇప్పుడు నూట యాభై దాటడం లేదు. గత ఆరు నెలల్లో ఖాతా ద్వారా అమ్ముడైనవి 11 చీరలు. ఎనిమిది తెలిసినవాళ్లు కొన్నవి, మూడు మాత్రమే ముఖపరిచయం లేనివాళ్లు కొన్నవి. మిగిలినవి దుకాణానికి వచ్చిన ధరకు ఇచ్చేయాల్సి వచ్చింది.

ఇక ఆమె బాధలు. ప్రతి కొత్త చీర ఫొటోనూ తనున్న అన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవారు. బాబు స్కూల్ తల్లిదండ్రుల గ్రూపు నుంచి అడ్మిన్ తీసేశారు. ఇంటర్‌లో ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితురాలు "నీ మెసేజ్ అంటే చీరేనని తెరవడం మానేశానే" అంది. ఒకతను 4,500 రూపాయలకు పది వేల మంది ఫాలోవర్లను ఇప్పిస్తానంటున్నాడు. 80 వేల ఫాలోవర్లున్న ఒకావిడ రెండు చీరలు, 8,000 రూపాయలు ఇస్తే ఒక రీల్ చేస్తానంటున్నారు. మగ్గం దగ్గర ఫోన్ పెడితే మామగారు పని ఆపి లేచి వెళ్లిపోతున్నారు. "మాస్టర్ చూస్తే ఏమనుకుంటాడు" అని ఆయన మాట. ఈలోగా ఫాలోవర్లు పెరగకపోతే ఇది మానేయమని భర్త మూడు నెలలు గడువు పెట్టారు. "పది వేలు దాటితే తప్ప ఎవరూ నమ్మరంటున్నారు, నేనేం చేయాలి?" అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడిన అంకె పది వేలు కాదు, ఆరు. మీ సొంతానికి నెలకు ఆరు చీరలు, అంటే ఏడాదికి 72. మీ చీర నచ్చినావిడ శ్రావణమాసానికి ఒకటి, సంక్రాంతికి ఒకటి తీసుకున్నా మీకు కావలసింది 36 మంది. కొందరు ఒకటే కొంటారు, కొందరు మళ్లీ రారు కాబట్టి అరవై డెబ్బై మంది అనుకుందాం. మీరు వెతుక్కోవలసింది ఆ డెబ్బై మందిని. వాళ్లు దొరకడానికి మిమ్మల్ని ఇష్టంగా గమనించే కొన్ని వందల మంది చాలు. పది వేలు అనే లెక్క రోజుకు వందల పార్సిళ్లు పంపగలిగే దుకాణానిది. అది మీ మెడకు ఎవరు తగిలించారో గానీ, ముందు తీసి పక్కన పెట్టండి.

ఫాలోవర్లు మగ్గాన్ని మించిపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఒక రీల్ ఉన్నట్టుండి లక్ష మందికి చేరి, అదే ఆకుపచ్చ చీర రెండు వందల మంది అడిగారనుకోండి. పడుగు, అంటే నిలువు దారాలు, ఒకసారి మగ్గానికి ఎక్కాక అది అయ్యేదాకా రంగు మార్చలేమని మీకు తెలుసు, అడిగినవాళ్లకు తెలియదు. పది రోజుల్లో ఇవ్వలేకపోతే తిట్లు పడతాయి. అడ్వాన్సులు తీసుకుని ఉంటే ఇంకా చిక్కు. అప్పుడే "పవర్‌లూమ్‌ది కొని పంపేద్దాం, ఎవరికి తెలుస్తుంది" అనే మాట ఇంట్లో పుడుతుంది. ఆ ఒక్క పార్సిల్‌తో మీరు పద్నాలుగు నెలలుగా కూడబెట్టుకున్న నమ్మకం పోతుంది.

ఇప్పుడు ఆ ముగ్గురు. ముఖపరిచయం లేకుండా డబ్బు పంపి చీర తెప్పించుకున్నవాళ్లు మీ ఖాతాకు దొరికిన అసలైన సమాచారం. ఒకరు బెంగళూరు, ఒకరు హైదరాబాద్, ఒకరు డాలస్ అని రాశారు. ముగ్గురితోనూ ఫోన్‌లో మాట్లాడండి. చీర అమ్మడానికి కాదని ముందే చెప్పండి. మూడే ప్రశ్నలు అడగండి: మొదట ఏ వీడియో చూశారు? కొనే ముందు ఏ అనుమానం వచ్చింది? ఆ అనుమానం ఎలా తీరింది? వాళ్లు వాడిన మాటలను వాడినట్టే నోటుబుక్కులో రాసుకోండి. "రంగు ఫొటోలో ఒకలా, ఇంట్లో ఒకలా ఉంటుందేమోనని భయపడ్డాను" అని ఒకరన్నా, మీ తర్వాతి నాలుగు రీల్స్‌కు విషయం దొరికినట్టే.

రీల్స్ చూసేవాళ్లు ఎందుకు తగ్గారంటే, మీరు పంపిన ఇరవై లింకుల్లో పదిహేను ఒకే తీరుగా ఉన్నాయి. హ్యాంగరుకు చీర, వెనక సినిమా పాట, "ధర కోసం డీఎం చేయండి" అనే అక్షరాలు. చుట్టాలు ప్రేమతో లైక్ కొట్టి వెంటనే కిందికి జరుపుతారు. ఇన్‌స్టాగ్రామ్ మాత్రం ఎంతసేపు చూశారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు అనేది కూడా లెక్కిస్తుంది. చూసిన సమయం, లైకులు, ఇతరులకు పంపడం ఈ మూడూ ముఖ్యమైనవని, ఫాలో కాని కొత్తవాళ్లకు చేరడానికి పంపడం మరింత పనికొస్తుందని ఆ సంస్థ అధిపతి ఆడమ్ మోసెరి 2025 జనవరిలో బాహాటంగానే చెప్పారు. మీవాళ్లు లైక్ కొడుతున్నారు, రెండు సెకన్లే చూస్తున్నారు, ఎవరికీ పంపడం లేదు. అలాంటి వీడియోను ఆ యాప్ బయటివాళ్ల దగ్గరికి తీసుకెళ్లదు.

సినిమా పాటల సంగతి కూడా చూసుకోండి. వ్యాపారానికి వాడే వీడియోల్లో సినిమా పాట పెట్టే హక్కు మామూలుగా మనకు ఉండదు, ఎప్పుడైనా శబ్దం తీసేయవచ్చు. అయినా మీ ఇంట్లో అంతకంటే మంచి శబ్దం ఉంది. ఇరవై సెకన్ల రీల్ ఇలా తీసి చూడండి. మొదటి రెండు సెకన్లు అడ్డదారం మోసే నాడె పడుగులోంచి దూసుకుపోవడం, దాని చప్పుడు, ముందు మాటలేమీ వద్దు. తర్వాత ఐదారు సెకన్లు జరీ అంచు దగ్గరగా. మంగళగిరి చీరకు ఒడలంతా సాదాగా ఉండి నిజాం అంచు అని పిలిచే ఈ జరీ అంచే అందం కాబట్టి కెమెరా అక్కడ నిలవాలి. ఆ తర్వాత చీర తిరగేసి వెనకవైపు చూపించండి. నేసేటప్పుడు బట్టను వెడల్పుగా పట్టి ఉంచే కర్ర మేకులకు అంచు పొడుగునా పడే సన్నటి చిల్లులను వేలితో చూపించి, "ఇవి లోపం కాదండి, మగ్గం మీద కర్ర మేకుల గుర్తులు" అని మీ గొంతుతో చెప్పండి. చివరి ఐదు సెకన్లలో ధర, నూలు కౌంటు (దారం ఎంత సన్ననిదో చెప్పే అంకె), పొడవు అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు. ధర దాచవద్దు. ధర అడగడానికి మొహమాటపడేవాళ్లు వెళ్లిపోతారు, అడిగినవాళ్లకు మీరు జవాబిచ్చేసరికి సాయంత్రమవుతుంది.

రంగు నిజంగా కనిపించాలంటే పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య కిటికీ పక్కన తీయండి. ట్యూబ్‌లైటు కింద తీస్తే మామిడిచిగురు రంగు బూడిద రంగులా కనబడుతుంది. ఫోన్ తెరమీద చీరపై వేలు కాసేపు నొక్కి పెడితే వెలుతురు స్థిరపడుతుంది, మధ్యలో హెచ్చుతగ్గులు రావు.

వారానికి ఇలాంటివి రెండు చాలు. స్టోరీల్లో మాత్రం ఓటింగు పెట్టండి: "తర్వాతి పడుగుకు ఏ రంగు వేద్దాం, పసుపా, నేరేడా?" ఓటు వేసినవాళ్ల పేర్లు మీకు కనబడతాయి. పడుగు ఎక్కిన రోజున వాళ్లకు విడిగా "మీరు అడిగిన నేరేడు రంగు మగ్గానికి ఎక్కిందండి" అని ఒక ఫొటో పంపండి. తను ఎంచిన రంగు మగ్గం మీద చూసినావిడకు ఆ చీర సగం తనదైపోయినట్టే.

తెలిసినవాళ్ల విషయంలో మీరు తప్పు చేశానని కుమిలిపోతున్నారు. అడగడం తప్పు కాదు. అందరినీ ఒకే మాటతో ఒకేసారి అడగడం వల్ల చిక్కొచ్చింది. గ్రూపులో పడిన ఫొటో ఎవరినీ ఉద్దేశించింది కాదు గనక ఎవరూ జవాబివ్వరు. మీ ఫోన్‌లోని పేర్లు ముందేసుకుని కాగితం మీద మూడు వరుసలు గీయండి. మొదటి వరుసలో నూలు చీరలు కట్టేవాళ్లు: టీచర్లు, బ్యాంకులో పనిచేసేవాళ్లు, ఎండాకాలం పట్టు భరించలేని పెద్దవాళ్లు. రెండో వరుసలో తాము కొనకపోయినా కొనేవాళ్లు తెలిసినవాళ్లు: జాకెట్లు కుట్టేవాళ్లు, పీకో ఫాల్ వేసేవాళ్లు, బ్యూటీపార్లర్ నడిపేవాళ్లు, కూతుళ్లు విదేశాల్లో ఉన్న తల్లులు. మూడో వరుసలో మీ మంచి కోరేవాళ్లు మాత్రమే. ఈ మూడో వరుసకు ఇక చీర ఫొటోలు పంపవద్దు. మీ స్నేహితురాలు ఈ వరుసలో మనిషి. ఆమెకు ఫోన్ చేసి చీరల మాట ఎత్తకుండా అరగంట మాట్లాడండి.

రెండో వరుస బంగారం లాంటిది. జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గరికి రోజూ చీర పట్టుకుని ఆడవాళ్లు వస్తారు. మీరు ఆవిడకు నమూనా కోసం అంచు ముక్కలు రెండు, మీ నంబరున్న చీటీలు ఇవ్వండి. మీ దగ్గర కొన్నవాళ్లను కుట్టుకు ఆవిడ దగ్గరికి పంపండి. కమిషన్ ఇస్తే మాటగా కాక ఒక్కో చీరకు ఇంత అని ముందే తేల్చుకోండి, అమ్మిన రోజే ఇచ్చేయండి. ఆలస్యమైన యాభై రూపాయలు కూడా మనసులో మిగిలిపోతాయి.

మొదటి వరుసకు, ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకోండి. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే ఆ మెసేజ్ చేరుతుంది, చాలామందికి ఎందుకు చేరడం లేదో అర్థంకాక తికమకపడేది ఇక్కడే. అందుకని ముందు విడివిడిగా అడగండి: "వదినా, నెలలో రెండుసార్లు, కొత్త చీరలు మగ్గం దిగినప్పుడు మాత్రమే ఫొటోలు పంపుతాను. ఇష్టమైతే నా నంబరు సేవ్ చేసుకోండి. వద్దంటే ఏమీ అనుకోను." కొందరు మొహమాటానికి సరేనంటారు గానీ సేవ్ చేసుకోరు. వాళ్లను వదిలేయండి, వెంటపడవద్దు. గ్రూపు పెడితే మాటామంతీ బాగుంటుంది, కానీ అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. అందులో చేరిన ఇంకో అమ్మకందారు మీ కొనుగోలుదారులకు నేరుగా మెసేజ్‌లు పెట్టడం మామూలే. వాట్సాప్ ఛానెల్‌లో ఒక ఫాలోవరు నంబరు మరొకరికి కనబడదు, ఎంతమందైనా చేరవచ్చు. కానీ అది ఒకవైపు మాట, చేరినవాళ్లతో చనువు పెరగదు. మీ ఆరు చీరలకు బ్రాడ్‌కాస్ట్ లిస్టే సరిపోతుందని నా అభిప్రాయం.

ఫాలోవర్లను అమ్ముతానన్నతని విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు, వద్దు. ఆ పది వేలు చాలావరకు ఎవరూ నడపని దొంగ ఖాతాలు. ఇన్‌స్టాగ్రామ్ నియమాలకు విరుద్ధం, అప్పుడప్పుడు వాటిని అదే తీసేస్తుంది. ఉన్నన్నాళ్లూ మీరు పెట్టిన వీడియో వాటి ముందుకు వెళ్లి, ఎవరూ చూడక చచ్చిపోతుంది. పది వేల ఫాలోవర్లకు ముప్పై లైకులు చూసిన కొనుగోలుదారు ముందు అనుమానపడేది మిమ్మల్నే. పాస్‌వర్డ్ ఇవ్వమంటే ఖాతాయే పోతుంది. ఆ 4,500తో మంచి నూలు కొనండి. నమ్మకానికి గుర్తు కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ టెక్స్‌టైల్స్ కమిటీ దగ్గర, బట్ట చేనేతదేనని చెప్పే హ్యాండ్‌లూమ్ మార్క్ కోసం నమోదు చేసుకునే వీలుంది, నేతకారులు వ్యక్తిగతంగానూ దరఖాస్తు చేయవచ్చు. ఆ లేబుల్ అంటించిన చీర కొస ఫొటోకు ఉన్న విలువ పది వేల అంకెకు రాదు.

80 వేల ఫాలోవర్లున్న ఆవిడ విషయం లెక్క వేసి తేల్చుకోవాలి. మీకు ఒక చీరకు నూలు, రంగు, కూలి కలిపి 1,600 పడుతుందని, 2,000కు అమ్ముతామని రాశారు. రెండు చీరలు 3,200, పైన 8,000, మొత్తం 11,200. చీరకు 400 మిగులుతుంటే ఆ డబ్బు తిరిగి రావడానికే 28 చీరలు అమ్ముడుపోవాలి. అది మీ అయిదు నెలల నేత. అయినా చేయించాలనిపిస్తే ముందు ఆవిడను ఖాతా ఇన్‌సైట్స్ (ఎవరెవరు చూశారో చూపే లెక్కలు) స్క్రీన్ రికార్డింగ్ అడగండి, స్క్రీన్‌షాట్ అయితే మార్చవచ్చు. చివరి పది రీల్స్ ఎంతమందికి చేరాయి, చూసేవాళ్లలో ఆడవాళ్లు ఎంత, ఏ ఊళ్లు, ఏ వయసు అన్నవి చూడండి. ఎక్కువమంది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లయితే ఆ 80 వేలు మీకు ఉపయోగపడవు. చూపించనంటే మర్యాదగా వదిలేయండి.

ఇంకో దారి ఉంది. మూడు, నాలుగు వేల ఫాలోవర్లతో, రోజూ స్కూలుకు కట్టుకెళ్లే నూలు చీరల గురించి మాట్లాడే టీచరమ్మల్లాంటి చిన్న ఖాతాలు వెతకండి. ముందు నెల రోజులు వాళ్ల వీడియోల కింద నిజంగా చూసి రాసే వ్యాఖ్యలు రాయండి. "సూపర్ అక్కా" అంటే ఎవరికీ గుర్తుండదు. "ఆ అంచు కంచి నేతలా ఉందే, గంజి పెట్టారా?" అంటే జవాబొస్తుంది. పరిచయమయ్యాక ఒక చీర ఇచ్చి, రెండు ఖాతాల్లోనూ ఒకేసారి కనబడే కొలాబ్ రీల్ అడగండి. ఇది నెమ్మదిగా సాగుతుంది, వాళ్లు కుదరదనవచ్చు కూడా. ఎవరు చేసినా ఒక నియమం ఉంది. ఉచితంగా ఇచ్చిన చీర అయినా సరే, అది ప్రచారమని వీడియోలోనే స్పష్టంగా చెప్పాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు అవే. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారికే పది లక్షల దాకా జరిమానా ఉంది. వీడియో ఎన్నాళ్లు ఉంచుతారు, మీరు తిరిగి వాడుకోవచ్చా అన్నవి వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఉంచుకోండి.

ఇక మామగారు. ఆయన ఫోన్‌కు భయపడుతున్నారని మీరు రాశారు. ఉత్తరం రెండోసారి చదివితే నాకు వేరేగా అనిపించింది. "మాస్టర్ చూస్తే" అన్నదే ఆయన మాట. కొన్ని రీల్స్‌లో మాస్టర్ నూలుతో నేస్తున్న చీరలు కూడా పడ్డాయని మీరే ఒకచోట రాశారు. అక్కడ ఆయన భయం న్యాయమైనది. అవి మాస్టర్ సరుకు. వాటిని మీ ఖాతాలో చూపిస్తే ఇంటికి ప్రధాన ఆదాయమైన కూలి పనికే ముప్పు. ఆ రీల్స్ ఈ రోజే తీసేయండి. తర్వాత మీ ముందు రెండు దారులున్నాయి. మీ సొంత నూలు ఎక్కిన మగ్గాన్నే చూపిస్తూ మాస్టర్‌కు ఏమీ చెప్పకుండా ఉండవచ్చు. మంగళగిరి చిన్న ఊరు, ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది, మూడో మనిషి నోటి ద్వారా తెలిస్తే ఇంకోలా ఉంటుంది. లేదా మామగారినే పెద్దరికంగా ముందుపెట్టి, మీ భర్తతో కలిసి వెళ్లి చెప్పవచ్చు: "మీ నూలు జోలికి పోము, మీ డిజైన్లు చూపించము, నెలకు ఆరు చీరలు మావి అమ్ముకుంటున్నాం." ఆయన ముఖం ముడుచుకోవచ్చు. తన చీరలు కూడా మీ ఖాతాలో పెట్టి అమ్మిపెట్టమని అడిగినా అడగవచ్చు. అప్పుడు కమిషన్ ఎంత, తిరిగొచ్చిన చీర ఎవరిది అని తేల్చుకున్నాకే ఒప్పుకోండి.

ఇంట్లో ముఖాలు చూపించాలా అన్నది ఆ తర్వాతి మాట. మీ ముఖం కనబడితే జనం త్వరగా నమ్ముతారు. కొన్ని చెత్త వ్యాఖ్యలూ వస్తాయి. సెట్టింగుల్లో ఫలానా మాటలున్న వ్యాఖ్యలు కనబడకుండా దాచే వీలుంది, తెలుగు తిట్లు తెలుగులోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ చేర్చుకోండి. ముఖం వద్దనుకుంటే చేతులు, గొంతు చాలు, నెమ్మదిగానైనా నమ్మకం కుదురుతుంది. మామగారివి చేతులు మాత్రమే తీస్తానని చెప్పి, ప్రతి రీల్ పెట్టే ముందు ఆయనకు చూపించండి. ఆయన వద్దన్నది వేయకండి.

కొన్ని జాగ్రత్తలు త్వరగా చెబుతాను. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు లక్షల ఫాలోవర్లున్నవాళ్లు కూడా తెల్లారేసరికి మొదటికొచ్చారు. అందుకే కొన్న ప్రతివారి పేరు, ఫోన్ నంబరు, ఊరు, ఇష్టమైన రంగు ఒక పుస్తకంలో ఉండాలి. ఖాతాకు రెండంచెల భద్రత పెట్టండి. "కాపీరైట్ ఉల్లంఘించారు, 24 గంటల్లో ఖాతా తీసేస్తాం" అని లింకుతో వచ్చే మెసేజ్‌లు దొంగలవి, నొక్కకండి. డబ్బు పంపానని స్క్రీన్‌షాట్ పెట్టినా బ్యాంకు ఖాతాలో పడ్డాకే పార్సిల్ కట్టండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మీవారి మూడు నెలల గడువుతో గొడవపడకండి, కొలత మాత్రం మార్చమనండి. ఫాలోవర్ల అంకె బదులు ప్రతి ఆదివారం నాలుగు లెక్కలు కలిసి రాయండి: ముఖపరిచయం లేనివాళ్లు కొన్నవి ఎన్ని, రెండోసారి కొన్నవాళ్లు ఎందరు, "ఫలానావారు చెప్పారు" అంటూ వచ్చినవాళ్లు ఎందరు, రీల్‌ను ఇతరులకు పంపినవాళ్లు ఎందరు. మూడు నెలల తర్వాత మొదటి మూడూ ఏమాత్రం కదలకపోతే మీవారి మాటలో నిజముంది. అప్పుడు రీల్స్‌కు పోయే సమయం తగ్గించి, ఆ జాకెట్ల ఆవిడలాంటి నలుగురి మీద పెట్టడం మేలు. కదిలితే ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

డాలస్ ఆవిడకు ఫోన్ చేసేటప్పుడు మన రాత్రి ఎనిమిది గంటలకు చేయండి, అక్కడ అప్పటికి పొద్దున్నే. అమెరికాకు కొరియరు, సుంకం కలిస్తే చీర ధరకు దగ్గరపడుతుంది కాబట్టి వాళ్ల అమ్మగారి ఊరు ఏదో అడగండి. చీర అక్కడికి పంపితే, వచ్చిపోయేవాళ్ల పెట్టెలో వెళ్తుంది. విప్పి చూసే అమ్మగారు కూడా మీ మొదటి వరుసలో చేరవలసిన మనిషే.